విత్తనానికీ కోతకూ మధ్య

పాపా,

నీ మెసేజు చదివినా. పరీక్షలు అయిపోతూనే, మే నెల సెలవుల్లో నువ్వూ నీ సివిల్ క్లాసు పిల్లలూ కలిసి కళ్యాణదుర్గం పక్క ఒక కాలనీలో ఇల్లు లేని కుటుంబాలకు ఇండ్లు కట్టడానికి పోతామని రాసినావు. నెలలోపల శ్లాబు పడాలని మీ పట్టుదల. చివర్న "ఆశీర్వదించు తాతా" అన్నావు. ఆశీర్వాదానికి నువ్వు అడగాల్నా? కానీ నేను సర్వీసంతా హౌసింగులో వర్క్ ఇన్‌స్పెక్టరుగా ఊరూరూ తిరిగి పునాదులు కొలిచిన ముసలోణ్ణి. అక్షింతలు వేసి ఊరుకోమంటే నా నోరు ఊరుకోదు.

పొమ్మనే అంటున్నా. మే నెలలో శ్లాబు మాత్రం వద్దు. ఎందుకొద్దో చెప్పాలంటే కొంచెం వెనకనుంచి రావాల. ఓపిక పట్టు.

నువ్వు పుట్టేనాటికి మన ఇల్లు శ్లాబే కాబట్టి మట్టిమిద్దె సంగతి నీకు తెలీదు. రాయీ మట్టీ కలిపి మూరెడు మందాన లేపిన గోడలు. పైన వేప దూలాలు, వాటి మీద దంతెలు, దంతెల మీద పుల్లలు, ఆకు, మట్టి, అన్నిటికీ పైన చౌడు. ఏటా వానలు రాకముందే గాడిదల మీద చౌడు తోలించి మిద్దె మీద పరిచి తొక్కాల. తొక్కడం తప్పిన ఏడు ఇంట్లో అన్ని గిన్నెలూ కారే చోట్ల కిందే ఉంటాయి. వెలుగు కోసం మిద్దె మధ్యన గవాక్షం. వాన పడుతూనే ఎవరో ఒకరు నిచ్చెనెక్కి దాని మీద మూత పెట్టాల. చిన్నప్పుడు ఆ పని నాదే. ఇన్ని తిప్పలున్నా ఏప్రిల్, మే ఎండల్లో ఆ మిద్దె కింద పడుకుంటే మధ్యాహ్నం కూడా నిద్ర పట్టేది. ఇప్పటి శ్లాబు ఇండ్లల్లో రాత్రి పదకొండుకు కూడా పట్టదు. ఈ మాట గుర్తు పెట్టుకో, మళ్ళా దీని దగ్గరికి వస్తా.

ఆ మిద్దె కూడా ఉన్నోళ్ళదే. లేనోళ్ళకు బోద కొట్టం. వంగి లోపలికి పోయి, లోపల కూడా వంగే ఉండాల. పొయ్యి లోపలే, పిల్లోళ్ళు లోపలే, వానకాలం మేకపిల్లలూ లోపలే. ఒక్క నిప్పురవ్వ ఎగిరితే వాడకు వాడే పోయేది. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. మన పక్క పేదోళ్ళు పెళ్ళి చేసి చూసి, ఆ అప్పు తీర్చడానికి బెంగళూరు పోయి ఎవరికో అపార్టుమెంటు కట్టి వస్తారు. ఇరవై అంతస్తులకు సెంట్రింగ్ కొట్టిన చేతులు ఊరికొచ్చి కొట్టం మీద బోద సర్దుకుంటాయి. ఇది నేను కల్పించి చెప్పేది కాదు. నువ్వు పోయే కాలనీలో ఏ ఇంటి తలుపు తట్టినా బెంగళూరులోనో కేరళలోనో పని చేసొచ్చిన మనిషి కనపడతాడు. మేస్త్రి పని మీకంటే బాగా తెలిసినోడు ఆ ఇంట్లోనే ఉండొచ్చు. ముందు అది అడిగి తెలుసుకో.

ఈ నేలమీద పేదోళ్ళకు ఇల్లు అనే మాట ఎత్తితే ఫాదర్ ఫెర్రర్ పేరు రాకుండా పోదు. విన్సెంట్ ఫెర్రర్ 1920లో బార్సిలోనాలో పుట్టినాడు. జెస్యూట్‌గా 1952లో బొంబాయి చేరినాడు. మహారాష్ట్రలో మన్మాడ్ చుట్టూ రైతుల చేత బావులు తవ్విస్తూ ఉంటే అక్కడి పెద్దలకు కంటగింపై, 1968లో దేశం విడిచి పొమ్మన్నారు. వేలమంది రైతులు ఆయన్ను పంపొద్దని బొంబాయికి నడిచినారు. మరుసటేడు తిరిగొచ్చినాడు. వచ్చి చేరింది మన అనంతపురం. అప్పుడు మొదలుపెట్టినదే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, మనమంతా ఆర్‌డీటీ అనేది. 1970లో సన్యాసం వదిలి అన్నే ఫెర్రర్‌ను పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళయినా మనోళ్ళ నోట్లో ఫాదర్ అనే మాట మారలేదు. 2009 జూన్ 19న ఇక్కడే పోయినాడు. సమాధి బత్తలపల్లిలో ఉంది. 2022లో జిల్లా రెండయినప్పుడు ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. మనకు ఇంకా అదీ ఇదీ ఒకటే అనుకో.

చానామంది ఈ కథ చెప్పేటప్పుడు ఎక్కడినుంచో తెల్లాయన వచ్చి మనల్ని ఎత్తి ఒడ్డున పెట్టినట్టు చెప్తారు. నాకు ఆ చెప్పడం నచ్చదు. దుడ్డు స్పెయిన్ నుంచి వచ్చిన మాట నిజం. 1996లో బార్సిలోనాలో ఫౌండేషన్ పెట్టినంక ఇంకా పెరిగింది. కానీ ఊర్లల్లో సైకిళ్ళ మీద, బండ్ల మీద తిరిగింది, రాత్రి పూట వాడల్లో సంఘం కూర్చోబెట్టింది, ఎవరికి ముందు ఇల్లు, ఎవరికి ఆ తర్వాత అని వాదులాడి తేల్చింది ఈ పక్క పుట్టిన పిల్లోళ్ళే. నీళ్ళు, సేద్యం, బడి, ఆసుపత్రి, వీటితోపాటే ఇండ్లు. ఇప్పటికి కట్టినవి డెబ్బై వేలు దాటినాయి. దళితవాడల్లో, సుగాలి తండాల్లో, నడవలేని వాళ్ళకూ చూపు లేని వాళ్ళకూ. అంత పెద్ద లెక్క ఒక్క ఎండాకాలం శిబిరంతో వచ్చేది కాదని నీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఇండ్లల్లో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి గోడల్లో లేదు, కాగితంలో ఉంది. ఇల్లు ఆడమనిషి పేరు మీద ఉంటుంది. తాగుడుకు అలవాటు పడిన మొగుడు తాకట్టు పెట్టలేడు. ఇంకొకామెను తెచ్చుకుని ఈమెను బయటికి పొమ్మనలేడు. ఇప్పుడు సర్కారు ఇచ్చే ఇంటి పట్టాలు కూడా ఆడోళ్ళ పేరుమీదే. మీ గుంపు కట్టే ఇండ్లకు ఆ ఏర్పాటు ఉందో లేదో నీ మెసేజులో లేదు. లేకపోతే ఒక్క ఇటుక కూడా ముట్టుకోకముందే అడుగు. మొహమాటం వద్దు.

ఇంక శ్లాబు సంగతి.

మన జిల్లాకు ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ. అందులో కూడా బాగా పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. మే నెలలో బోర్లు దగ్గుతుంటాయి. కాలనీకి ట్యాంకరు వస్తుంది, రాదు. అట్లాంటి నెలలో మీరు శ్లాబు వేస్తారు. వేసిన మరుసటి పొద్దునుంచి దానికి నీళ్ళు పట్టాల. నీ పుస్తకంలోనే ఉంది, ఐ.ఎస్. 456 తీసి చూడు. మామూలు సిమెంటుకు ఏడు రోజులు తక్కువ కాకుండా, ఫ్లైయాష్ కలిపిన సిమెంటుకు పది రోజులు తక్కువ కాకుండా తడి ఆరకూడదు. ఎండా గాలీ ఎక్కువున్న చోట ఇంకా పెంచమంటుంది. ఈ పక్క అంగళ్ళలో ఎక్కువగా దొరికేది కలిపిన సిమెంటే. ఎండా గాలీ సంగతి నేను చెప్పాల్నా?

ఇప్పుడు లెక్క వెయ్యి. 340 చదరపు అడుగుల చిన్న శ్లాబు అనుకో. దాని మీద మడులు కట్టి రెండంగుళాల నీళ్ళు నిలపాలంటే ఒక్కసారి నింపడానికే దాదాపు 1600 లీటర్లు. పదిహేను లీటర్ల బిందెతో అయితే నూరు దాటుతాయి. ఆ తర్వాత ఎండకు ఆవిరయ్యేది రోజూ మళ్ళా పోయాల. మీరు శ్లాబు రోజు పెళ్ళికి వచ్చిన చుట్టాల మాదిరి నలభైమంది వచ్చి, తట్టలందించి, ఫొటోలు దిగి, సాయంత్రం బస్సెక్కి పోతారు. మరుసటి పొద్దున ఆ బిందెలు మోసేదెవరు? ఆ ఇంటామె. తాగడానికి నాలుగు బిందెలు దొరకని నెలలో, కాంక్రీటుకు నూరు బిందెలు. ఆమె ఏం చేస్తుంది? రెండు రోజులు మోస్తుంది. మూడో రోజు పిల్లోళ్ళ నోరు చూసుకుంటుంది. ఆమెను ఎవరూ తప్పు పట్టలేరు. కానీ శ్లాబు ఊరుకోదు. రెండేండ్లకు వెంట్రుకవాసి పగుళ్ళు, నాలుగేండ్లకు చెమ్మ, ఆ చెమ్మకు కమ్మీ తుప్పు, తుప్పుకు పెచ్చులు. పెచ్చులూడిన ఇల్లు చూసి "సిమెంటు తినేసినారు" అని అందరూ అంటారు. కొన్నిచోట్ల తిన్నమాట నిజమే. చానాచోట్ల శ్లాబుకు దప్పికైంది, అంతే.

మరి ఎప్పుడు వెయ్యాల? విత్తనానికీ కోతకూ మధ్య. మన పక్క ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో పదును చూసి చెనక్కాయ వేస్తారు. ఆ రోజుల్లో ఏ ఇంట్లోనూ మనిషి దొరకడు. విత్తనం అయిపోయి ఒక కలుపు తీసినంక, ఆగస్టులో కొంచెం తీరిక వస్తుంది. గాలిలో చెమ్మ ఉంటుంది, కుంటల్లో అడుగున నీళ్ళుంటాయి, మబ్బు పట్టిన రోజులుంటాయి. అక్టోబరు, నవంబరుల్లో చెనక్కాయ పెరికేటప్పటికి మళ్ళా మనిషి దొరకడు. ఈ సందులో శ్లాబు పడితే ఇంటోళ్ళు దగ్గరుండి చూసుకుంటారు, నీళ్ళకు అల్లాడరు. నువ్వనొచ్చు, ఆగస్టులో మాకు క్లాసులుంటాయి తాతా అని. ఉంటాయి. అందుకే ఈ ఉత్తరం. మీ సెలవుల లెక్కన వాళ్ళ ఇల్లు కట్టొద్దు, వాళ్ళ కార్తెల లెక్కన కట్టండి. మే నెలలో చెయ్యగలిగిన పని బోలెడుంది. గుంతలు తవ్వడం, రాయి మోయడం, పునాది, బేస్‌మెంటు, వీలైతే లింటెల్ దాకా గోడలు. గోడలకు కూడా నీళ్ళు కావాల, అయితే తడిపిన గోనెసంచులు కప్పి పొద్దునా సాయంత్రం చల్లితే తక్కువతో సరిపోతుంది. శ్లాబుకు ఆగస్టులో రెండు ఆదివారాలు కేటాయించుకోండి. ఒక ఆదివారం వేయడానికి. రెండో ఆదివారమూ, వారం మధ్య రోజులూ ఇద్దరిద్దరు వంతులేసుకుని పోయి మడులు ఆరకుండా చూడడానికి. ఆ వంతులకు ఎవరెవరు పేరిస్తారో చూడు. శ్లాబు రోజుకు పేరిచ్చినోళ్ళు ఎంతమంది, నీళ్ళకు పేరిచ్చినోళ్ళు ఎంతమంది అనేదే మీ గుంపుకు నేను పెట్టే పరీక్ష.

చిన్నప్పుడు మా ఊర్లో ముయ్యాళ్ళు పోయేవాళ్ళు. ఈరోజు నీ చేన్లో నేను, రేపు నా చేన్లో నువ్వు. మిద్దె వేసేటప్పుడూ అంతే. దంతెలు ఎత్తడానికి వాడంతా వచ్చేది. ఇంటోళ్ళు సంగటి పెట్టేవాళ్ళు. అక్కడ ఎవరూ ఎవరికీ సాయం చేసినట్టు లేదు, ఎందుకంటే తిరిగి అడిగే హక్కు అందరికీ ఉంది. నువ్వు పోయే చోట ఆ హక్కు వాళ్ళకు లేదు, నువ్వు వాళ్ళ దగ్గర ఏదో ఒకటి తీసుకుంటే తప్ప. కాబట్టి తీసుకో. వాళ్ళింట్లో నీళ్ళు తాగు. సంగటీ ఊరిబిండీ పెడితే కూర్చుని తిను. మినరల్ వాటర్ క్యాన్లు, బిర్యానీ పొట్లాలు బండిలో దింపుకుని పక్కన చెట్టు కింద తిని పోయే శిబిరాలు చూసినా. మీరు ఎవరో, వాళ్ళు ఎవరో వాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. మన ఊర్లల్లో ఎవరింట్లో ఎవరు నీళ్ళు తాగరో చిన్నపిల్లోళ్ళకు కూడా తెలుసు. నువ్వు తాగినావా లేదా అనేది వాళ్ళు చూస్తారు, పైకి అనరు.

ఇల్లు ఎట్లుండాలనేది కూడా ఆ ఇంటామెను అడుగు. కంప్యూటర్లో గీసిన ప్లాను ఆమె ముందు పెట్టి "బాగుందా అక్కా" అంటే "బాగుంది" అనే అంటుంది. ఇంకేమంటుంది? ఊర్కే వచ్చే ఇంటికి వంక పెడితే అది కూడా పోతుందని భయం. ప్లాను చూపెట్టొద్దు. ముగ్గు పోసే రోజు సున్నం ఆమె చేతికియ్యి. చెనక్కాయ బస్తాలు ఎక్కడ పెడతావు, పొయ్యి ఎక్కడ, మేకలు ఎక్కడ, మీ అత్త ఎక్కడ పడుకుంటుంది అని అడుగుతూ పో. ఆమె నేలమీద నడుస్తూ చూపిస్తుంది. అప్పుడు బయటపడతాయి అసలు సంగతులు. అటక కావాలంటుంది. లింటెల్ మీద రెండు తాడిపత్రి బండలు దూర్చితే అటక అయిపోతుంది, దానికి పెద్ద ఖర్చు లేదు. గోడలో నాలుగు గూళ్ళు కావాలంటుంది. ముందర అరుగు కావాలంటుంది. ఈ అరుగు మాట గట్టిగా పట్టుకో. మా లెక్కల్లో అరుగును ఎప్పుడూ అనవసరం ఖర్చు కింద కొట్టేసేవాళ్ళు. మన పక్క సగం సంసారం అరుగు మీదే జరుగుతుంది. చెనక్కాయలు ఒలిచేదీ, చుట్టాలు కూర్చునేదీ, ఎండాకాలం పడుకునేదీ అక్కడే.

గది కొలతలకు ఆయం చూడాలని ఆమె అంటే నవ్వొద్దు. నువ్వు చదువుకున్నదానివి, నీకు నమ్మకం లేకపోవచ్చు. నాకూ పెద్దగా లేదు. గది పొడుగు ఆరంగుళాలు తగ్గిస్తే ఆమెకు నిద్ర పడుతుందంటే తగ్గించు. సెప్టిక్ గుంత బోరు పక్కన తవ్వమంటే మాత్రం ఒప్పుకోవద్దు, అది ఏ శాస్త్రం చెప్పినా సరే. ద్వారబంధం నిలిపేటప్పుడు పసుపూ కుంకుమా పెట్టేది ఆమె. మీలో ఎవరూ ముందుకు దూకొద్దు, మీ గుంపు పెద్దసారు వచ్చినా సరే.

మరుగుదొడ్డికి రెండు చిన్న గుంతలు తవ్వి, ఒకటి నిండితే రెండోదానికి మళ్ళించే పద్ధతి పెట్టండి. నీళ్ళు తక్కువ పడతాయి, గుంత తోడే ట్యాంకరోణ్ణి పిలవాల్సిన పని ఉండదు. నీళ్ళ వసతి చూడకుండా కట్టిన దొడ్లలో కట్టెలు పేర్చుకుంటారు. అంతకంటే దాని గురించి చెప్పేదేం లేదు.

ఇందాక రాత్రి పదకొండుకు నిద్ర పట్టదన్నా కదా. శ్లాబు పగలంతా ఎండ తాగి రాత్రంతా కక్కుతుంది. పేదోళ్ళకు ఫ్యానొకటే, కరెంటు పోతే అది కూడా లేదు. శ్లాబు పైన సున్నంలో కాస్త జిగురు కలిపి ఏటా మార్చిలో రెండు పూతలు వేస్తే లోపల తేడా తెలుస్తుంది. తెలంగాణ వాళ్ళు 2023లో కూల్ రూఫ్ పాలసీ అని పెట్టింది దీనికే. గోడల్లో ఎదురెదురు కిటికీలు, పైన గాలి పోవడానికి జాలీ పెట్టండి. లారీ బేకర్ అని కేరళలో స్థిరపడిన ఇంగ్లీషు ఆర్కిటెక్టు ఉండేవాడు, 2007లో పోయినాడు. ఇటుకలు నిలబెట్టి మధ్యలో సందు వదిలి కట్టే ర్యాట్ ట్రాప్ పద్ధతిని ఆయనే ప్రచారంలోకి తెచ్చినాడు. ఇటుక దాదాపు నాలుగో వంతు మిగులుతుంది, మధ్యలో గాలి ఉండబట్టి లోపల చల్లగా ఉంటుంది. మన పక్క మంచి ఇటుక దొరకడం కష్టం, రాయి దండిగా ఉంది. రాతిగోడ కట్టగలిగిన బేల్దారి దొరికితే వదలొద్దు. అట్లాంటోళ్ళు ముసలోళ్ళయి పోతున్నారు.

బేల్దారి మాట వచ్చింది కాబట్టి చేదు మాట ఒకటి చెప్తా. మీరు పదిమంది రోజంతా పడే కష్టం ఒక అలవాటైన మేస్త్రీ, ఇద్దరు కూలోళ్ళూ పూటలో చేసే పనికి సరిపోదు. అంచులు కూలిన పునాది గుంత మీరు రెండుసార్లు తవ్వుతారు. కలిపిన మాలు ఆరబెడతారు. ఇది తప్పని చెప్పడంలేదు, మీకు అలవాటు లేదు, అంతే. అయితే టీషర్టులు, బ్యానరు, బస్సు, భోజనాలు, ఇవన్నీ కలిపి ఎంతవుతుందో మీ లెక్కల పుస్తకంలో చూడు. ఆ దుడ్డుతో ఆ కాలనీలోనే ఉన్న మేస్త్రికి ఎన్ని రోజుల కూలి వస్తుందో పక్కన రాసి చూడు. ఊరికే పనిచేసే పిల్లోళ్ళు వచ్చినారని ఆయన కూలి తెగ్గొట్టొద్దు. శనివారం సాయంత్రం సంతలోపల ఆయన చేతిలో దుడ్డు పడాల. మీరు ఆయన దగ్గర పని నేర్చుకోండి. తూకంగుండు ఎట్లా పట్టాలో, రసమట్టం ఎట్లా చూడాలో నీకు కాలేజీలో చూపించి ఉండరు, ఆయన చూపిస్తాడు. కాలనీలో ఊరికే తిరిగే పిల్లోళ్ళు ఇద్దరు ముగ్గురిని ఆయన దగ్గర పెట్టగలిగితే, ఇల్లు కంటే అది ఎక్కువ రోజులు నిలుస్తుంది.

స్వచ్ఛందంగా ఇండ్లు కట్టడమనేది కొత్త సంగతి కాదు. అమెరికాలో 1976లో ఫుల్లర్ దంపతులు హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ పెట్టినారు. వాళ్ళు మన దేశంలో మొదట అడుగుపెట్టింది తెలుగునేల మీదే, 1983లో ఖమ్మంలో. వాళ్ళ పద్ధతిలో ఇంటోళ్ళు కూడా ఇన్ని గంటలని చెమటోడ్చాల, వడ్డీ లేని వాయిదాల్లో కొంత తిరిగి కట్టాల. ఆ పద్ధతి నాకు ఇష్టమే, ఎందుకంటే కట్టినోళ్ళకు అడిగే నోరు వస్తుంది. అయితే మన పక్క వానలు పోయిన ఏడు వాయిదా అడగకూడదు. జిమ్మీ కార్టర్ అమెరికా అధ్యక్షుడుగా దిగినంక ఏటా ఒక వారం సుత్తి పట్టుకుని వీళ్ళతో పనిచేసేవాడు. 2006లో మహారాష్ట్రలో లోనావాలా దగ్గరికి వచ్చి వారంలో నూరు ఇండ్ల పనిలో చెయ్యి పెట్టినాడు. ఎనభై దాటిన వయసులో అది పెద్ద సంగతే. వారంలో నూరిండ్లు అన్న మాట వింటే మాత్రం నా మనసు ఒప్పుకోదు. నూరు శ్లాబులకు ఎవరు నీళ్ళు పట్టినారో అని మొదట అదే ఆలోచన.

ఇల్లు అయినంక గోడ మీద మీ గుంపు పేరు, దాతల పేర్లు రాయించొద్దు. బేస్‌మెంటులో ఒక రాయి మీద చెక్కించుకోండి, అంతగా కావాలంటే. ఆ ఇంట్లో ఆడపిల్ల ఉంటుంది. రేపు పెండ్లిచూపులకు వచ్చినోళ్ళు అరుగు మీద కూర్చుని ఆ రాత చదువుతారు. "ఇది వాళ్ళకు దానంగా వచ్చిన ఇల్లా" అని ఒకామె గొంతు తగ్గించి అడగడం నా చెవులతో విన్నా. ఆ రోజు ఆ తల్లి మొహం చూసినోళ్ళెవరూ మళ్ళా గోడ మీద పేరు రాయించరు.

చివరగా స్థలం. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇదే, ముసలితనం, చివరికి వచ్చింది. కరువు జిల్లాలో నీళ్ళకు మునగడమేందని నువ్వనుకుంటావు. 2022 అక్టోబరులో అనంతపురం టౌన్లోనే నడిమివంక పొంగి కాలనీలకు కాలనీలు మునిగినాయి. నువ్వప్పుడు హైస్కూల్లో ఉన్నావు, గుర్తుండే ఉంటుంది. 2021 నవంబరు వానలకు జిల్లాలో ఎన్ని మట్టిమిద్దెలు కూలినాయో చూసినాం. మన వంకలు పదేండ్లు ఎండిపోయి ఉంటాయి. ఎండిన వంక చదునుగా, ఇసుకగా, ఇంటికి ఎంతో అనువుగా కనపడుతుంది. ఖాళీగా ఉందంటే అది ఎందుకు ఖాళీగా ఉందో ఊర్లో ముసలోళ్ళను అడగాల. పేదోళ్ళకు దొరికేది ఎప్పుడూ ఎవరూ వద్దన్న జాగానే. కాలనీ ఏ వాలులో ఉందో, ఎగువన చెరువు ఉందా, దాని మరవ ఎటు దిగుతుందో చూడు. లెవెలింగ్ చేసే ఇన్‌స్ట్రుమెంటు మీ ల్యాబులో ఉంటుంది, సారును అడిగి పట్టుకుపో. ఇటుక మొయ్యడం కంటే మీరు ఆ ఊరికి చెయ్యగల పెద్ద మేలు అదే. ఎందుకంటే ఆ పని చేసేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

అందుకని బస్సు మాట్లాడుకోకముందే ఒక పని చెయ్యి. ఆ కుటుంబాల ఇంటి పట్టాలు ఉంటాయి కదా, వాళ్ళను అడిగి, వాళ్ళ ముందే ఫోన్లో ఫొటోలు తీసుకో. పట్టా ఎవరి పేరు మీద ఉందో, హద్దుల్లో తూర్పు, పడమర ఏం రాసినారో, సర్వే నంబరు స్పష్టంగా పడేటట్టు తియ్యి. నాకు పంపు. విలేజి మ్యాపు దొరికితే అది కూడా. అది వంక పోరంబోకో కాదో రెండు రోజుల్లో చూసి చెప్తా. మీ అవ్వ అడుగుతోంది, ఈ ఆదివారం వస్తావా రావా అని. వస్తే ప్లాను కాగితం కూడా పట్టుకురా, అటక ఎక్కడొస్తుందో గీసి చూపిస్తా.

మీ తాత